షెర్మన్ టరెట్‌లో 17 పౌండర్ ఎలా పట్టింది? ట్యాంకులకు పెట్టిన పరాయి గన్‌లు, ప్రయోగాలు

#1 · ఉక్కుబండి

షెర్మన్ ఫైర్‌ఫ్లై (అమెరికన్ షెర్మన్ ట్యాంకు టరెట్‌లో, అంటే పైన తిరిగే గోపురంలో, బ్రిటిష్‌వాళ్లు తమ 17 పౌండర్ గన్ పెట్టిన రకం) 1/35 మోడల్ కిట్ కడుతున్నాను. పెట్టె మీది బొమ్మలో మామూలు షెర్మన్‌కి పొడుగు గొట్టం తగిలించినట్టే ఉంది గానీ, విడిభాగాలు చూస్తే వ్యవహారం అంత తేలిగ్గా లేదు. టరెట్ వెనక ఉక్కు పెట్టె ఎందుకు వచ్చింది, పైన రెండో హ్యాచ్ ఎందుకు, ముందున్న మెషిన్ గన్ ఎందుకు తీసేశారు? ఒక్కో విషయం విడివిడిగా చదివాను. ఇవన్నీ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో తెలిసినవాళ్లు చెప్పండి. ఒక ట్యాంకుకి దానిది కాని గన్ పెట్టిన మిగతా ఉదాహరణలు కూడా ఈ థ్రెడ్‌లోనే పోగేద్దాం.

#2 · రింగ్‌గేర్

మీరడిగిన మూడూ ఈ గన్ పెద్దదనం తెచ్చిపెట్టిన మార్పులే.

17 పౌండర్ నేల మీద లాక్కెళ్లే యాంటీ ట్యాంక్ గన్‌గా పుట్టింది. బోరు 76.2 మి.మీ., బ్యారెల్ 55 క్యాలిబర్లు, అంటే బోరు వెడల్పుకి 55 రెట్లు, గొట్టం 4.19 మీటర్లు. పేలిన ప్రతిసారీ 40 అంగుళాలు, అంటే మీటరు దాకా వెనక్కి వస్తుంది. దీన్నే రీకాయిల్ అంటారు. పొలంలో నిలబెట్టిన గన్‌కి వెనక చోటుకి కరువుండదు. షెర్మన్ టరెట్ రింగు వ్యాసం 69 అంగుళాలు మాత్రమే. గన్ ఆనుకుని తిరిగే ట్రనియన్లు ముందు గోడ దగ్గరుంటాయి. అక్కణ్నుంచి బ్రీచ్ (గుండు పెట్టి మూసే వెనక భాగం) పొడుగు, దాని వెనక మీటరు రీకాయిల్, ఆ వెనక లోడర్ రౌండు పట్టుకుని తిప్పి బ్రీచ్‌లోకి తోసే చోటు. ఇత్తడి కేసే 583 మి.మీ., గుండుతో కలిపితే ఇంకా పొడుగు. వెనక గోడకేమో రేడియో. ఎలా కూడినా సరిపోదు.

చేసిన మార్పులు ఇవి:

రీకాయిల్ సిలిండర్లను పొట్టివి చేసి గన్‌కి రెండు పక్కలా పెట్టారు. దాంతో పైనా కిందా చోటు మిగిలింది.

బ్రీచ్‌ను 90 డిగ్రీలు తిప్పి పక్కకి పడుకోబెట్టారు. అసలు గన్‌లో దిమ్మ కిందికి జారుతుంది. ట్యాంకులో పక్కకి జారుతుంది. ఎడమ పక్క కూర్చున్న లోడర్ అక్కణ్నుంచే గుండు పెట్టగలడు.

క్రేడిల్, అంటే గన్ వెనక్కీ ముందుకీ జారే తొట్టి, కొత్తది, పొట్టిది. అందులో జారే బ్యారెల్ భాగం సన్నబడకుండా ఒకే మందంతో ఉండాలి కాబట్టి బ్యారెల్ వెనక భాగాన్ని కూడా మార్చాల్సి వచ్చింది. అందుకే గోదాములో ఉన్న 17 పౌండర్‌ను తెచ్చి నేరుగా దించడానికి కుదరలేదు. ఫైర్‌ఫ్లై కోసం విడిగా మార్క్ 4 తయారు చేశారు.

ఇంత చేశాక కూడా గన్ వెనక్కి వచ్చే దారిలో రేడియో అడ్డం. టరెట్ వెనక గోడకి కన్నం కోసి, బయట కవచం పెట్టె వెల్డ్ చేసి, రేడియో అందులోకి జరిపారు. ముందు పొడుగు గొట్టం బరువుకి ఈ పెట్టె వెనక తూకం కూడా అయింది.

బ్రీచ్ లావు వల్ల ఎడమ పక్కనున్న లోడర్ గన్ దాటి కమాండర్ హ్యాచ్ దాకా వెళ్లలేడు. ట్యాంకు అంటుకుంటే అతనికి దారి లేదు. అందుకే అతని నెత్తి మీద రెండో హ్యాచ్ కోశారు.

#3 · పాతఫిరంగి

రింగ్‌గేర్ గారు చెప్పినదంతా కాగితం మీద ఒకేసారి పుట్టలేదు. 1943 మొదట్లో ఇంగ్లండ్‌లోని లల్వర్త్ గన్నరీ స్కూల్లో మేజర్ జార్జ్ బ్రైటీ దీన్ని మొదలెట్టారు. అప్పటికి అధికారికంగా 17 పౌండర్ కోసం క్రామ్‌వెల్ ట్యాంకును సాగదీసి ఏ30 చాలెంజర్ తయారవుతోంది. అది బ్రైటీకి నచ్చలేదు. షెర్మన్‌లో చోటు చాలకపోవడంతో ఆయన రీకాయిల్ వ్యవస్థనే పక్కన పెట్టి గన్‌ను బిగించేశారు. దెబ్బ మొత్తం ట్యాంకే తీసుకోవాలన్నమాట. లెఫ్టినెంట్ కల్నల్ జార్జ్ విథరిడ్జ్ వచ్చి కలిశాక ఇద్దరూ పట్టు వదల్లేదు. ట్యాంక్ డిజైన్ శాఖ ఆపెయ్యమంటే విథరిడ్జ్ పై అధికారుల దాకా వెళ్లి అనుమతి తెచ్చారు. ఆ తర్వాత డబ్ల్యూ.జి.కె. కిల్‌బోర్న్ అనే విక్కర్స్ ఇంజనీరు చేతికి వెళ్లింది. పొట్టి రీకాయిల్, పక్కకి తిప్పిన బ్రీచ్, కొత్త క్రేడిల్ ఆయన పనే.

నా దృష్టిలో ఇద్దరు అధికారుల పట్టుదలకి ఎంత పేరొచ్చిందో కిల్‌బోర్న్‌కి కూడా అంత రావాలి. అలా బిగించేసిన గన్‌తో యుద్ధానికి వెళ్లడం కుదిరే పని కాదు.

1944 మే చివరికి నార్మండీకి వెళ్లాల్సిన 21వ ఆర్మీ గ్రూపు చేతికి 340 పైచిలుకు ఫైర్‌ఫ్లైలు అందాయి. యుద్ధం ముగిసేలోగా మొత్తం రెండు వేలు దాటాయి.

#4 · గుంటూరు_గేజ్

బిగించేస్తే ఏమవుతుంది? షెర్మన్ ముప్పై టన్నుల పైన బరువుంటుంది కదా, తట్టుకోదా?

#5 · లెక్కలపద్దు

ట్యాంకు తట్టుకుంటుంది. ట్రనియన్ పిన్నులు, ఎలివేషన్ గేరు పళ్లు, టరెట్ రింగు బాల్స్ తట్టుకోవు. గుండ్రటి అంకెలతో లెక్క చూద్దాం.

గుండు 7.7 కిలోలు, వేగం సెకనుకు 884 మీటర్లు. గుణిస్తే దాదాపు 6,800. మందు వాయువులు కూడా ముందుకే పోతాయి. మందు 4 కిలోలు, వాటి సగటు వేగం 1,200 అనుకుంటే ఇంకో 4,800. మొత్తం 11,600 కిలోగ్రామ్-మీటర్/సెకను. వెనక్కి కదిలే భాగం టన్ను బరువనుకుంటే అది సెకనుకు 11.6 మీటర్ల వేగంతో వెనక్కి రావాలి. మజిల్ బ్రేకు (వాయువుల్ని పక్కలకి తోసే గొట్టం మూతి తొడుగు) కొంత లాగేస్తుంది, 9 మీటర్లు అనుకోండి. అప్పుడు ఆపాల్సిన శక్తి 40 కిలోజౌళ్ల పైచిలుకు.

దాన్ని మీటరు దూరంలో ఆపితే సగటున 4 టన్నుల బలం చాలు. 30 సెం.మీ.లో ఆపాలంటే 14 టన్నులు. ట్రనియన్ దగ్గర లోహం వంగే ఒకటి రెండు సెంటీమీటర్లలోనే ఆగాలంటే వందల టన్నులు. అది కూడా రౌండు రౌండుకీ. ఒకటి రెండు సార్లు పేల్చి చూపించడానికి పనికొస్తుంది. ఆ తర్వాత గేరు పళ్లలో ఆట పెరిగి, సైటు పెట్టిన చోటికీ బ్యారెల్ చూసే చోటికీ సంబంధం తెగిపోతుంది.

కిల్‌బోర్న్ పొట్టి సిలిండర్లు పెట్టినా ట్రనియన్ల మీద బలం పెరగక తప్పదు. అందుకే క్రేడిల్, ముందున్న మాంట్లెట్ (గన్ చుట్టూ ఉండే కవచం) కూడా బలమైనవి కొత్తగా చేయాల్సి వచ్చింది.

#6 · ఉక్కుబండి

ఇప్పుడు బొమ్మ కుదిరింది. ముందు మెషిన్ గన్ సంగతి ఇంకా మిగిలే ఉంది. లోపల గుండ్లు ఎక్కడెక్కడ ఉండేవో కూడా చెప్పండి. లోపలి భాగం తెరిచి చూపించే ఉద్దేశం ఉంది.

#7 · రింగ్‌గేర్

17 పౌండర్ రౌండు 75 మి.మీ. దాని కంటే బాగా పెద్దది. పాత అరల్లో పట్టదు. అందుకే హల్‌లో, అంటే టరెట్ కింది బండి భాగంలో, ముందు కుడి పక్క కూర్చునే గన్నర్‌ను తీసేశారు. ఆ సీటు స్థానంలో 14 రౌండ్ల అర వచ్చింది. మెషిన్ గన్ కన్నాన్ని కవచం ముక్కతో మూసి వెల్డ్ చేశారు. సిబ్బంది ఐదుగురి నుంచి నలుగురయ్యారు.

మొత్తం 77 రౌండ్లు. అందులో చేతికందేవి 5. ముందు అరలో 14. మిగతా 58 టరెట్ నేల కింద మూడు పెట్టెల్లో. మోడల్ చేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన విషయం: ఆ 14 తీసుకోవాలంటే టరెట్ ఒక నిర్దిష్ట దిశకి తిరిగి ఉండాలి. అంటే శత్రువు మీద గురి పెట్టుకుని ఉన్నప్పుడు అవి అందకపోవచ్చు. మొదటి ఐదు గుండ్లు వేగంగా పోతాయి, ఆ తర్వాత వేగం పడిపోతుంది. కాగితం మీద నిమిషానికి ఎన్ని రౌండ్లు అని రాసే అంకె ఏ ట్యాంకుకైనా ఈ అరల దగ్గరే తేలిపోతుంది.

కిట్ కోసం ఇంకొన్ని. బ్యారెల్ 1/35లో మజిల్ బ్రేకు కాకుండా దాదాపు 120 మి.మీ. రావాలి. ప్రయాణంలో టరెట్ వెనక్కి తిప్పి బ్యారెల్‌ను ఇంజన్ డెక్ మీది క్లాంప్‌లో బిగించేవారు. ఆ క్లాంప్ మర్చిపోవద్దు. మీ కిట్ 5సీ అయితే అది ఎం4ఏ4 హల్. ఐదు ఇంజన్లు కలిపిన క్రైస్లర్ మల్టీబ్యాంక్ కోసం పొడిగించిన హల్ కాబట్టి బోగీల మధ్య ఎడం ఎక్కువ. 1సీకి ఆ ఎడం ఉండదు.

#8 · కాకతీయ_కవచం

రంగు విషయం కూడా చేరుస్తున్నాను. జర్మన్ గన్నర్లు గుంపులో పొడుగు గొట్టం ఉన్నదాన్నే ముందు ఏరి కొట్టేవారు. దానికి విరుగుడుగా బ్యారెల్ ముందు సగం అడుగు భాగానికి తెల్లరంగు, పై భాగానికి ముదురు రంగు వేసి, మధ్య గీత అలలా గీశారు. దూరం నుంచి గొట్టం సగం దగ్గరే ఆగిపోయినట్టు, మామూలు 75 మి.మీ.లా కనిపించాలని.

ట్రూపులో నాలుగు ట్యాంకులుంటే మొదట్లో ఒక్కటే ఫైర్‌ఫ్లై. దీనికి సరఫరా ఒక కారణం. ఇంకో కారణం పేలుడు గుండు. వేగం ఎక్కువైతే గొట్టంలో ఒత్తిడి తట్టుకోవడానికి గుండు గోడ మందంగా ఉండాలి. గోడ మందమైతే లోపల పేలుడు పదార్థానికి చోటు తగ్గుతుంది. కందకంలో కూర్చున్న పదాతి దళం మీద, యాంటీ ట్యాంక్ గన్‌ల మీద 75 మి.మీ. గుండే మేలు. మూడు ట్యాంకులు ఆ పని చూస్తే, నాలుగోది జర్మన్ టైగర్, పాంథర్ ట్యాంకులు వస్తే చూసుకునేది. 1944 ఆగస్టు 8న సెయింట్ ఎన్యాన్ దగ్గర నార్తాంప్టన్‌షైర్ యోమన్రీకి చెందిన ఒకే ఫైర్‌ఫ్లై మూడు టైగర్లను కొట్టింది. గన్నర్ జో ఎకిన్స్.

#9 · బందరు_బ్రీచ్

ఇంత పొగుడుతున్నారు గానీ దాని లోపాలు కూడా చెప్పాలి. పేల్చగానే బ్యారెల్ ముందు పెద్ద మంట లేచేది, మజిల్ బ్రేకు పక్కలకి తోసిన గాలికి దుమ్ము లేచేది. గుండు ఎక్కడ పడిందో కమాండర్‌కీ గన్నర్‌కీ కనపడదు. మొదటి గుండు తప్పితే రెండోది దేన్ని బట్టి సరిచేయాలి? పక్క ట్యాంకు వాళ్లు చూసి రేడియోలో చెప్పాలి.

ఏపీడీఎస్ (సన్నటి కోర్ చుట్టూ ఊడిపోయే తొడుగున్న) గుండు వేగం సెకనుకు 1,200 మీటర్లు అని గొప్పగా రాస్తారు. చుట్టూ ఉన్న సాబో తొడుగు అన్ని వైపులా ఒకేలా విడిపోకపోతే లోపలి కోర్ దారి తప్పుతుంది. 1944 ఆగస్టులో ఇసిన్యీ దగ్గర అమెరికన్లు పట్టుబడ్డ పాంథర్ల మీద పేల్చి చూసి, ఈ గుండు గురి నమ్మదగ్గది కాదని తేల్చారు. తగిలితే చీల్చేస్తుంది, తగలడమే సందేహం. దూరంలో మామూలు ఏపీసీబీసీ, అంటే టోపీ తొడిగిన గట్టి కవచభేదక గుండే నయం.

అమెరికన్లు మొదట్నుంచీ చోటు గురించి అన్నది నిజమే. 1942 ఆగస్టులోనే వాళ్లు సొంత 76 మి.మీ. ఎం1 గన్‌ను ఇదే షెర్మన్ టరెట్‌లో పెట్టి చూశారు. తూకం కుదరక బ్యారెల్‌ను 15 అంగుళాలు కోసేశారు. 57 క్యాలిబర్లది 52 అయింది. అలాంటివి పన్నెండు కట్టాక, లోపల సిబ్బంది పనిచేయలేరని ఆర్మర్డ్ ఫోర్స్ తిప్పికొట్టింది. ఆ తర్వాత పెద్దదైన టీ23 టరెట్‌లో పెట్టి 1944లో తెచ్చారు. నాకది సరైన పద్ధతి.

#10 · పాతఫిరంగి

బందరు_బ్రీచ్ గారూ, పద్ధతి సరైనదే. ఫలితం మాటేమిటి? పెద్ద టరెట్ కోసం ఆగి తెచ్చిన 76 మి.మీ. గన్ వేగం సెకనుకు 792 మీటర్లు. 17 పౌండర్‌ది 884. నార్మండీలో పాంథర్ ముందు పలకకి ఆ తేడా చాలా పెద్దది. పైగా 76 మి.మీ. పేలుడు గుండులో టీఎన్‌టీ 0.39 కిలోలే. పాత 75 మి.మీ.లో 0.67. అంటే రెండు పనుల్లో ఒకటి సగం, ఇంకోటి సగం.

బ్రిటిష్‌వాళ్లు ఇరుకుని ఒప్పుకుని పూర్తి స్థాయి గన్ తెచ్చుకున్నారు. అమెరికన్లు సుఖాన్ని ఎంచుకుని మధ్యరకం గన్‌తో సరిపెట్టుకున్నారు. 1944 వేసవిలో ఎదురుగా పాంథర్ ఉన్న ట్రూపులో కూర్చోవాలంటే నేను మొదటిదే ఎంచుకుంటాను.

#11 · బందరు_బ్రీచ్

పాంథర్ ఎదురైతే సరే. షెర్మన్లు వాడిన గుండ్లలో ఎక్కువ భాగం ట్యాంకుల మీద పోలేదు. మిగతా రోజులన్నీ లోడర్ ఆ ఇరుకులోనే గడపాలి. ఇద్దరం ఒకచోటికి రాము, ముందుకు పోదాం.

#12 · యంత్రశాల

ఫైర్‌ఫ్లైని చాలామంది అతుకుల పని అంటారు గానీ అది కర్మాగారంలో ఆర్డరు మీద చేసిన మార్పు. యుద్ధరంగం వెనక వర్క్‌షాపులో ఉన్నవాటితో కుదిర్చిన పని చూడాలంటే బ్రిటిష్ చర్చిల్ ట్యాంకు ఎన్ఏ75 రకం చూడాలి. ఎన్ఏ అంటే ఉత్తర ఆఫ్రికా.

చర్చిల్‌లో 6 పౌండర్ ఉండేది. 57 మి.మీ. కవచం చీల్చడానికి బాగుంటుంది, పేలుడు గుండు మాత్రం బలహీనం. పదాతి దళానికి తోడు నడవాల్సిన ట్యాంకుకి అది పెద్ద లోటు. అల్జీరియాలోని బోన్‌లో, ఈనాటి అన్నాబాలో, దెబ్బతిన్న షెర్మన్లను విడగొట్టే చోట రీమీ (బ్రిటిష్ సైన్యపు మరమ్మతు ఇంజనీర్ల దళం) అధికారి కెప్టెన్ పెర్సీ మోరెల్ ఒక సంగతి గమనించారు. హల్‌లు కాలిపోయినా 75 మి.మీ. గన్‌లు, వాటి ఎం34 మాంట్లెట్లు చాలావరకు బాగానే ఉన్నాయి. వాటిని చర్చిల్ మార్క్ 4 పోత టరెట్లో పెట్టొచ్చా అన్నదే ఆయన ప్రశ్న.

ఎదురైన చిక్కులు చూడండి. షెర్మన్‌లో గన్నర్ కుడి పక్క, లోడర్ ఎడమ పక్క. చర్చిల్‌లో సరిగ్గా తిరగేసి. గన్‌ను ఉన్నదున్నట్టు పెడితే బ్రీచ్ పిడి లోడర్‌కి అందదు, గురి పెట్టే చక్రం గన్నర్‌కి అందదు. పరిష్కారం గన్‌ను 180 డిగ్రీలు తలకిందులు చేయడం. బ్యారెల్ గుండ్రటిదే కాబట్టి గుండుకి తేడా లేదు, తేడా అంతా చుట్టూ తగిలించిన సామానుకి. ఎలివేషన్ గేరు, పేల్చే మీట, సైటు పట్టు అన్నీ అటు నుంచి ఇటు మార్చి కొత్తగా అమర్చాలి.

రెండోది టరెట్ ముందు కన్నం. 6 పౌండర్ కోసం ఉన్నది చాలదు. పోత ఉక్కుని గ్యాస్‌తో కోసి వెడల్పు చేసి, షెర్మన్ మాంట్లెట్‌ను బయటి నుంచి పెట్టి వెల్డ్ చేశారు. దీంతో అనుకోని లాభం ఒకటి దక్కింది. చర్చిల్ అసలు టరెట్‌లో మాంట్లెట్ లోపల ఉండేది. ముందు చదరపు కన్నం మీద పడే నల్లటి నీడ ఎదుటి గన్నర్‌కి గురి పెట్టడానికి గుర్తుగా పనికొచ్చేది. షెర్మన్ మాంట్లెట్ బయటికి గుండ్రంగా ఉబ్బి ఉండడంతో ఆ నీడ పోయింది.

దాదాపు 200 చర్చిల్‌లు ఇలా మార్చారు. 1944లో ఇటలీలో, హిట్లర్ లైన్ అనే జర్మన్ రక్షణ రేఖ పోరులో ఇవి పనిచేశాయి. చేతికి కొత్త గన్ ఒక్కటీ రాకుండా ఒక వర్క్‌షాపు ఇంత సాధించడం నాకు ఫైర్‌ఫ్లై కంటే పెద్ద పనిగా తోస్తుంది.

#13 · గుంటూరు_గేజ్

తలకిందులు చేస్తే రీకాయిల్ సిలిండర్లలో నూనె సంగతి ఏమిటి?

#14 · యంత్రశాల

నూనె, స్ప్రింగు ఉన్న సిలిండర్ ఏ దిక్కుకి తిరిగినా పనిచేస్తుంది, నిండుగా ఉండి గాలి లేకుండా ఉంటే చాలు. చిక్కు నింపే ప్లగ్గుతో. ప్లగ్గు కిందికొచ్చిన చోట నూనె పోసేటప్పుడు గాలి పైన చిక్కుకుంటుంది. గాలి చిక్కితే మొదటి కొంత దూరం గన్ అడ్డు లేకుండా జారి, చివర్లో గట్టిగా కొట్టుకుంటుంది. ఏ గన్‌ను దాని అసలు భంగిమ మార్చి బిగించినా ముందు చూడాల్సింది ఇదే.

#15 · లెక్కలపద్దు

టరెట్ గొడవ లేకుండా చేసుకున్నవాళ్ల సంగతి కూడా రాయాలి. టరెట్ తీసేసి పైకప్పు లేని పెట్టె కడితే గన్ ఎంతైనా వెనక్కి రావచ్చు.

బ్రిటిష్ వాలెంటైన్ ట్యాంకు మీద 17 పౌండర్ పెట్టిన ఆర్చర్ ఆ కోవలోదే. హల్ చిన్నది, బ్యారెల్ ముందుకి పెడితే ముక్కు బరువైపోతుంది, అందుకని గన్‌ను వెనక్కి తిప్పి పెట్టారు. రీకాయిల్ దారిలో డ్రైవర్ సీటు పడింది. అయినా పేల్చగానే బండి తిప్పకుండా ముందుకి దూకి పారిపోవచ్చు కాబట్టి మాటుగాసి కొట్టే బండిగా బాగా పనికొచ్చింది.

ముక్కు బరువు నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో జర్మన్ యాగ్‌ద్‌పాంజర్ 4 చూపిస్తుంది. ఎల్/48 (48 క్యాలిబర్ల) గన్ నుంచి పాంథర్ ఎల్/70 గన్‌కి మార్చాక ముందు చక్రాల రబ్బరు త్వరగా అరిగిపోయేది. చివరికి ముందు రెండు జతలకి ఉక్కు చక్రాలు వేశారు. ట్రనియన్‌కి ముందు ఎంత బరువు వేలాడుతోందో చూసుకోకపోతే దాని ఫలితం సస్పెన్షన్‌లో తేలుతుంది.

#16 · కాకతీయ_కవచం

పట్టుబడ్డ గన్‌ని ఎలా వాడుకోవాలో జర్మన్ ట్యాంక్ వేట బండి మార్డర్ చూపిస్తుంది. 1941లో జర్మన్ల చేతికి సోవియట్ ఎఫ్-22 డివిజనల్ గన్‌లు బోలెడు చిక్కాయి. సోవియట్ డిజైనర్ గ్రాబిన్ దాన్ని మొదట ఇంకా పెద్ద కేసు కోసం గీశాడు, పైవాళ్లు పాత కేసే వాడమన్నారు. దాంతో బ్రీచ్‌లో అవసరానికి మించిన బలం మిగిలిపోయింది. జర్మన్లు అది కనిపెట్టి చాంబర్‌ను తొలిచి, 385 మి.మీ. కేసు పట్టేచోట దాదాపు 715 మి.మీ. కేసు పట్టేలా చేశారు. మజిల్ బ్రేకు తగిలించారు. ఎఫ్-22లో ఎత్తే చక్రం ఒక పక్క, తిప్పే చక్రం ఇంకో పక్క ఉండేవి, కదిలే ట్యాంకుని కొట్టాలంటే ఇద్దరు మనుషులు కలిసి పనిచేయాలి. రెండిటినీ ఎడమ పక్కకే తెచ్చారు. అలా తయారైన 7.62 సెం.మీ. పాక్ 36(ఆర్)ను పాంజర్ 2, పాంజర్ 38(టీ) ఛాసిస్‌ల మీద పెట్టారు.

చాంబర్ తొలవడానికి కుదిరింది ఆ గన్‌లో బలం ముందే ఉండబట్టి. ఏ గన్‌కైనా ఇది చేయొచ్చనుకోకూడదు. గోడ పలచనైతే చాంబర్ దగ్గరే పగులుతుంది.

#17 · బందరు_బ్రీచ్

అతుకుల పని ఎక్కడ ఓడిపోతుందో దానికి ఉదాహరణ ట్యులిప్. 1945 మార్చిలో రైన్ దాటేటప్పుడు కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ తమ షెర్మన్ టరెట్లకి రెండు పక్కలా పట్టాలు తగిలించి, టైఫూన్ విమానాలు వాడే 60 పౌండ్ల తలకాయ రాకెట్లు పెట్టారు. విమానం నుంచి వదిలినప్పుడు రాకెట్‌కి అప్పటికే గాలి వేగం ఉంటుంది, వదిలిన క్షణం నుంచే తోక రెక్కలు గాలిని పట్టి దాన్ని నిటారుగా ఉంచుతాయి. నిలబడి ఉన్న ట్యాంకు నుంచి వదిలితే పట్టా దాటేసరికి వేగం తక్కువ, రెక్కలకి పట్టు దొరకదు, రాకెట్ ముక్కు వంచేస్తుంది. దగ్గర్లో ఉన్న ఇల్లు, అడ్డుగోడ లాంటివి కొట్టడానికే పనికొచ్చింది. తగిలిన చోట మాత్రం మిగిలేది ఉండదు.

#18 · ఉక్కుబండి

ఇజ్రాయెల్ షెర్మన్ల గురించి ఎవరూ రాయలేదు. 105 మి.మీ. గన్ ఎలా పట్టింది?

#19 · రింగ్‌గేర్

రెండు దశలు. మొదటిది ఎం50. ఫ్రాన్స్‌లో ఏఎంఎక్స్-13 తేలిక ట్యాంకు కోసం చేసిన సీఎన్ 75-50 గన్, పాంథర్ గన్ నుంచి నేర్చుకుని చేసినది, వేగం సెకనుకు 1,000 మీటర్లు. పాత షెర్మన్ టరెట్ ముందు భాగాన్ని పొడిగించి ట్రనియన్లను ముందుకి జరిపారు. దాంతో లోపల రీకాయిల్‌కి చోటు దొరికింది, ముక్కు బరువు మాత్రం పెరిగింది. దానికి టరెట్ వెనక పెద్ద దిమ్మ వెల్డ్ చేశారు.

రెండోది ఎం51. ఏఎంఎక్స్-30 కోసం చేసిన 105 మి.మీ. గన్‌ను 56 క్యాలిబర్ల నుంచి 44కి కోశారు. 1.26 మీటర్లు తగ్గింది. గుండు వేగం 1,000 నుంచి 800కి పడింది. గట్టి గుండు కొట్టే గన్ అయితే ఈ కోత దాన్ని చంపేసేది. వీళ్లు వాడింది హీట్ గుండు. అది చీల్చేది పేలుడు సృష్టించే లోహపు ధారతో, వేగంతో పనిలేదు. అందుకే ఈ కోత గెలిచింది.

ఫ్రెంచి ఒబూ-జీ గుండులో ఒక విశేషం ఉంది. గొట్టం లోపలి మెలిక గాడుల వల్ల గుండు గిరగిరా తిరిగితే ఆ ధార చెదిరిపోతుంది. అందుకని బయటి తొడుగు తిరుగుతుంటే లోపలి చార్జి బాల్ బేరింగుల మీద దాదాపు కదలకుండా ఉండేలా చేశారు. 1/35లో బ్యారెల్ 132 మి.మీ., దాని మీద పెద్ద మజిల్ బ్రేకు.

ఈజిప్టు దీనికి పూర్తిగా భిన్నంగా చేసింది. ఎం4ఏ4 హల్ మీద ఏఎంఎక్స్-13 ఎఫ్ఎల్-10 టరెట్‌నే దించేశారు. ఆ టరెట్ పైభాగమంతా గన్‌తో పాటే లేచి దిగుతుంది, బ్రీచ్ వెనక గుండ్ల డ్రమ్ముల వరస ఎప్పుడూ చెదరదు. ఆరేసి గుండ్ల డ్రమ్ములు రెండు. పన్నెండు అయిపోయాక బయటికెళ్లి నింపాలి.

#20 · కాకతీయ_కవచం

మన దగ్గర కూడా అదే ఫ్రెంచి 75 మి.మీ. గన్ కొన్ని షెర్మన్లకి పెట్టారు. అప్పటికే మన ఏఎంఎక్స్-13లలో అదే గన్ ఉంది, గుండ్లు ఒకటే. సరఫరా చేసేవాడికి ఇంతకంటే కావలసిందేముంది. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకుల ఎదురుగా నిలబడ్డ రెజిమెంట్లలో షెర్మన్లు ఉన్నది డెక్కన్ హార్స్‌కి. నిజాం కాలపు హైదరాబాదు అశ్విక దళం నుంచి వచ్చిన రెజిమెంటు అది.

టరెట్ తీసేసే పద్ధతికి మన ఉదాహరణ కాటపల్ట్. విజయంత ట్యాంకు ఛాసిస్ పొడిగించి, టరెట్ తీసి, సోవియట్ 130 మి.మీ. ఎం-46 ఫీల్డ్ గన్ పెట్టారు. గుండే 33 కిలోలు, 27 కిలోమీటర్లు వెళ్తుంది. అంత గన్ మూసిన టరెట్‌లో పెట్టాలంటే కొత్త ట్యాంకే కట్టాలి. తెరిచి ఉంచి, పైన మాత్రం కప్పు వేశారు.

#21 · ఉక్కుబండి

తర్వాతి కిట్ మన టీ-55 చేద్దామని. 105 మి.మీ. పెట్టినవాటికి కిట్‌లోని 100 మి.మీ. బ్యారెల్ మీద ఏమేం మార్చాలి?

#22 · యంత్రశాల

బ్యారెల్ మొత్తం మార్చండి. 100 మి.మీ. డీ-10 తర్వాతి రకాల్లో పొగలాగే ఉబ్బు, అంటే బోర్ ఎవాక్యుయేటర్, గొట్టం మూతి దగ్గరుంటుంది. 105 మి.మీ. ఎల్7లో గొట్టం మధ్యన ఉంటుంది. ఫొటోలో ఏ గన్నో తేల్చడానికి మొదట చూడాల్సింది ఆ ఉబ్బు ఎక్కడుందో. తొడుగు వేసిన బ్యారెల్ అయితే విడిభాగాల్లో బ్రిటిష్ సెంచూరియన్ ట్యాంకు బ్యారెల్ దొరికినా, ఉబ్బుకి అటూ ఇటూ తొడుగు మీరే చుట్టుకోవాలి.

లోపలి భాగం చేసేట్టయితే ఎన్ఏ75 చిక్కే ఇక్కడా వస్తుంది. ఎల్7 పుట్టింది సెంచూరియన్ కోసం, అందులో లోడర్ ఎడమ పక్క. టీ-55లో లోడర్ కుడి పక్క, గన్నర్, కమాండర్ ఒకరి వెనక ఒకరు ఎడమ పక్క. కాబట్టి సెంచూరియన్ లోపలి ఫొటో చూసి బ్రీచ్ పిడి, సైటు అతికించకండి, టీ-55 సీట్ల వరస చూసుకుని పెట్టండి. గుండ్ల అరలు కూడా 100 మి.మీ.వి వాడొద్దు, 105 రౌండు కొలత వేరు. ముందు కుడి పక్క ఇంధనం ట్యాంకులోనే గుండ్ల గొట్టాలుంటాయి, అక్కణ్నుంచి మొదలుపెడితే మిగతా అరల చోటు దానంతటదే తేలుతుంది.